రిసార్టు గేటు దగ్గర మన కొమ్ములు

ఆనందలోకం రిసార్టు, హైదరాబాదు శివారు
24-4-2006, సోమవారం మధ్యాహ్నం

తమ్ముడు బొజ్జయ్యకు,

మరదలు, పిల్లలు, నువ్వు కులాసా అనుకుంటాను. మేము పొద్దున పదింటికి ఇక్కడ దిగాము. ఈ కాగితం వాళ్లదే. సొరుగులో పెన్నుతో సహా పెట్టారు, ఊరికేనే అట. నాకు మాత్రం ఊరికే అన్న మాట వింటేనే అనుమానం. అసలు సంగతి చివర రాస్తాను. ముందే రాస్తే మిగతాది చదవవు, నీ సంగతి నాకు తెలుసు.

మీ బావ పెట్రోలు బంకులో చీటీ నింపి వేస్తే లక్కీ డ్రా తగిలిందట. కుటుంబం మొత్తానికి మూడు రోజులు, తిండీ గదీ ఉచితం. పదిహేనేళ్లుగా లారీ తోలుతున్న మనిషికి ఏనాడూ ఒక గ్లాసైనా తగలలేదు, ఇప్పుడు ఏకంగా రిసార్టు తగిలిందంటే నమ్మబుద్ధి కాలేదు. చీటీ ఏదని అడిగితే "ఆల్లే దాసుకున్నరు" అన్నాడు. సరే, పిల్లల మొహాలు చూసి నోరు మూసుకున్నాను. శ్రావణి పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. రవీందర్ అయితే వారం రోజుల నుంచి నీళ్లలో జారుడుబండ తప్ప ఇంకో మాట లేదు.

ఇక్కడ దిగగానే చేతికి రంగు పట్టీ కట్టారు. చెక్‌పోస్టులో పట్టుకున్న కలపకు కట్టే సీలు అలాగే ఉంటుంది. మూడు రోజులు విప్పకూడదట, విప్పితే అన్నం పెట్టరట. గదిలో చల్లటి గాలి వచ్చే మిషను ఉంది, ఆపడం తెలియక అందరం దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాము. భోజనాల దగ్గర ఎంతైనా తినవచ్చని బోర్డు పెట్టారు. ఎవరైనా లెక్కపెడుతున్నారేమోనని చుట్టూ చూశాను. మూలన కెమెరా కనిపించింది. రవీందర్ నాలుగో గులాబ్‌జామున్ తీసుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వాడు అందరి ముందూ ఏడ్చాడు.

ఇంకో సంగతి. గేటు దగ్గర వాచ్‌మన్ మీ బావకు సెల్యూట్ కొట్టాడు. లారీ డ్రైవరుకు సెల్యూట్ ఏమిటి? భోజనాల హాలు ఎటో మేమెవరం అడగకముందే ఆయన ముందు నడిచాడు. "నీకెట్ల తెల్సు?" అంటే "బోర్డులున్నయ్ గద" అన్నాడు. నేను వెనక్కి వెళ్లి చూశాను, ఒక్క బోర్డు లేదు. ఇక్కడ రిసెప్షన్‌లో చీరలు కట్టుకుని నవ్వే ఆడపిల్లలు నలుగురు ఉన్నారు. ఒక్కొక్కరి మొహమూ పట్టి పట్టి చూశాను. ఏమీ తేలలేదు. చూస్తూనే ఉంటాను.

ఇప్పుడు అసలు సంగతి. గేటు దాటగానే డోలు చప్పుడు వినిపించింది. వచ్చినవాళ్లకు స్వాగతం పలకడానికి నలుగురు మగవాళ్లు అడవి దున్న కొమ్ములు తలకు పెట్టుకుని ఎగురుతున్నారు. మొహాల మీద గవ్వల తెర, వెనక నెమలి ఈకలు, అంతా మన పెళ్లిళ్లలో లాగే. నేను సంతోషంగా దగ్గరికి పోయి మన గూడెం మాటలో ఏ ఊరని అడిగాను. ఒకడు తెల్లమొహం వేసి, "అమ్మా, మాది ఎల్బీ నగర్. మేం ఆర్కెస్ట్రావోళ్లం" అన్నాడు. నవ్వొచ్చింది.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇద్దరి కొమ్ములు ప్లాస్టిక్‌వి. మిగతా ఇద్దరివీ నిజమైనవి. అందులో ఒకదాని ఎడమ కొమ్ముకు కొస దగ్గర ఇత్తడి పట్టీ ఉంది. మూడు మేకులు, మధ్య మేకు వంకర. ఆ మేకు నాన్న కొడుతుంటే కొమ్మును ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నది నేను. పట్టీ కోసం అమ్మ పాత చెంబు కోశాడని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

బొజ్జయ్యా, అవి మన కొమ్ములు. మేడారం జాతరకు ఊరంతా పోయి వచ్చేసరికి, ఊరి ఆటకు వాడే కొమ్ములు దాచే మన అటక మీద నుంచి మాయమైన రెండు జతలు ఇవే.

నేను మార్చిలోనే రాశాను గదా. ఊరు ఊరంతా జాతరకు పోతే కాలి నొప్పి అని ఇంట్లో పడుకున్నది జంపయ్య చిన్నాయన ఒక్కడే, ఆ తర్వాత చేతికి కొత్త గడియారం కనపడింది అని. నువ్వు ఆ ఉత్తరం పెద్దల ముందు చదివి వినిపించావు, అంగన్‌వాడీ టీచరునైన నేను రాసింది అబద్ధం కాదని అందరూ అన్నారని కూడా నువ్వే రాశావు. ఇప్పుడు సరుకు దొరికింది. వెళ్లి చిన్నాయనను నిలబెట్టి అడుగు, ఎవరికి అమ్మాడో. నేను ఇక్కడ మేనేజరును అడుగుతాను.

పిల్లలను తీసుకుని మీ బావ నీళ్లలోకి పోయాడు. నేను కాలు కూడా తడుపుకోలేదు.

మీ అక్క
ముత్తక్క


రేలగూడెం
30-4-2006, ఆదివారం

అక్కకు బొజ్జయ్య నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న చేరింది. పిల్లలు సంబరపడ్డారని తెలిసి మాకూ సంతోషంగా ఉంది. రవీందర్‌ను తినే చోట ఏడిపించకుండా ఉండాల్సింది.

ఇక్కడ బీడీల తునికాకు కోత మొదలైంది. పొద్దున నాలుగింటికే అడవికి పోతున్నారు, బడికి ఎట్లాగూ సెలవులు కాబట్టి నేను కూడా కట్టలు కట్టడానికి కూర్చుంటున్నాను. ఇప్పపువ్వు ఈసారి తక్కువ. మీ మరదలికి చెయ్యి బెణికింది, ఇప్పుడు నయం.

కొమ్ముల గురించి రాశావు. అక్కా, నువ్వు పొరబడి ఉండవచ్చు. కొమ్ములన్నీ ఒక తీరుగానే ఉంటాయి, ఇత్తడి పట్టీలు ఎవరైనా వేయించుకుంటారు. దయచేసి ఎవరినీ అడగకు. మేనేజరును అసలే అడగకు. ముఖ్యంగా ఈ విషయం బావ ముందు ఎత్తకు. ఆయన ఎన్నాళ్లకో మూడు రోజులు సెలవు దొరికి పిల్లలతో గడిపాడు. నువ్వు అనుమానంతో ఆ సంతోషం పాడు చేయకు.

చిన్నాయనను నేను ఏమీ అడగలేదు, అడగను కూడా. ఆ గడియారం ఆయన బిడ్డ పూలికి కాబోయే మామగారు పెట్టిందని ఈ మధ్యే తెలిసింది. తెలిసినా ఏం లాభం, ఇప్పుడు ఎవరూ ఆయనతో మాట్లాడడం లేదు. ఆయన దగ్గర ఉన్న డోలు పెద్దలు తీసుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఆ డోలు ఆయనదే. మొన్న ఒకరి దినకర్మ దగ్గర ఎవరో కుర్రవాడు కొడుతుంటే, చిన్నాయన దూరంగా నిలబడి మోకాలి మీద వేళ్లతో కొట్టుకుంటున్నాడు. నేను తల తిప్పుకున్నాను.

పూలి పెళ్లి జూన్ నాలుగు అనుకున్నాము గదా. మగపెళ్లివారి తరఫు మేనమామ వచ్చి, "దొంగ ఇంట్ల పిల్లను తెచ్చుకుంటే రేపు మా ఇంట్ల చెంబులు ఎవలు లెక్కపెడ్తరు?" అన్నాడు. కొమ్ముల సంగతి తేలకపోతే పెళ్లి లేదని చెప్పి పోయారు. పూలి మూడు రోజులు తునికాకుకు రాలేదు.

ఇవన్నీ నువ్వు మనసులో పెట్టుకోకు. నేను చూసుకుంటాను.

నీ తమ్ముడు
బొజ్జయ్య


కల్లూరు
5-5-2006, శుక్రవారం

బొజ్జయ్యకు,

నువ్వు చూసుకుంటావా? ఏం చూసుకుంటావు?

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. నేను ఇత్తడి పట్టీ, మూడు మేకులు అని రాస్తే, చదివినవాడు ఎవడైనా బస్సెక్కి పరుగెత్తుకొస్తాడు. నువ్వేమో మరదలి చెయ్యి బెణికిందని రాశావు. ఎవరినీ అడగకు, మేనేజరును అడగకు, బావకు చెప్పకు! ఇన్ని అడగకులు ఎందుకు? దాచేది లేనివాడు ఇన్నిసార్లు అడగకు అనడు.

నీ ఉత్తరం రాకముందే అడిగేశాను, విను. రెండో రోజు పొద్దున మేనేజరు కిషన్‌లాల్ టిఫిన్ల దగ్గర తిరుగుతుంటే పట్టుకున్నాను. తెల్లచొక్కా, నవ్వు మొహం. "ఆ రెండు కొమ్ములు యాడ కొన్నరు సార్?" అన్నాను. "కొనలేదమ్మా, మీ దిక్కు మనిషే తెచ్చి ఇచ్చిండు. ఇంటోళ్లే తమ చేతులతో దించి ఇచ్చిన్రట. కాగితం మీద సంతకం గూడ ఉంది" అన్నాడు. పొడుగా పొట్టా, ముసలా పడుచా అని అడిగాను. కిషన్‌లాల్ మా టేబుల్ వైపు చూసి నవ్వాడు. అప్పుడే రవీందర్ చెప్పు తెగిందని మీ బావ టేబుల్ కింద వంగి ఉన్నాడు. ఇంకేదో అడిగేలోపు కిషన్‌లాల్‌కు ఫోన్ వచ్చింది, వెళ్లిపోయాడు. ఆ తర్వాత మేము ఉన్నంతసేపూ నన్ను చూస్తే పక్కదారి పట్టాడు.

మీ బావకు చెప్తే, "పోనీ తియ్యి, పాతకొమ్ములు గవ్వి. మనోళ్ల ఆట పట్నంల అందరు చూస్తుండ్రు గద" అన్నాడు. ఆయనకేం తెలుసు, టౌనులో పెరిగిన మనిషి.

నేను ఇంటికి వచ్చి ఆలోచించాను. ఇంటోళ్లే తమ చేతులతో దించి ఇచ్చారంటే చిన్నాయన కాదు. చిన్నాయనకు మన ఇంటి అటక ఎక్కే కాలు లేదు. మన ఇంటోళ్లు అంటే ఎవరు? అమ్మా నాన్నా పోయారు. నేను ఇక్కడ ఉన్నాను. మిగిలింది నువ్వు.

మార్చిలో మీ ఇంటికి కొత్త రేకులు వేయించావని రాశావు. జీతం కలిసొచ్చిందన్నావు. అప్పుడు నాకు అనుమానం రాలేదు, సొంత తమ్ముడివి కాబట్టి. ఇప్పుడు వస్తోంది. నాన్న చేతి కొమ్ములు అమ్ముకుని రేకులు వేయించుకున్నావా? అమ్ముకుని, నేను చిన్నాయన మీద రాసిన ఉత్తరాన్ని నోరు మెదపకుండా పదిమంది ముందు చదివావా? చదువుతుంటే నీ నాలుక ఎట్లా తిరిగింది?

తప్పయితే తప్పని రాయి. అబద్ధం మాత్రం రాయకు. అబద్ధం రాస్తే నీ అక్షరాలు పక్కకు వాలతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. మొన్నటి ఉత్తరం నిండా వాలే ఉన్నాయి.

ముత్తక్క


రేలగూడెం
10-5-2006, బుధవారం

అక్కకు,

అవును. కొమ్ములు నేనే ఇచ్చాను. జాతరకు ముందు రోజు, నా చేతులతో అటక మీద నుంచి దించి, గోనెసంచిలో చుట్టి ఇచ్చాను. అమ్మలేదు. ఒక్క పైసా ముట్టుకోలేదు. రేకులకు బ్యాంకు లోను తీసుకున్నాను, కావాలంటే పుస్తకం చూపిస్తాను. ఎవరికి ఇచ్చానని మాత్రం అడగకు. నీ కాళ్లు పట్టుకుంటాను, అడగకు.

నెల రోజుల్లో తిరిగి వస్తాయనుకున్నాను. ఎవరూ అటక చూడరనుకున్నాను. జాతర నుంచి రాగానే పటేలు కొమ్ములు దించమన్నాడు, నాలుగు జతలే కనిపించాయి. ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే అయిపోయేది. తెరవలేదు. మరునాడు ఇంకా కష్టమైంది. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. పటేలే టపా సంచిలో నుంచి తీసి చదవమన్నాడు. చదువుతుంటే చిన్నాయన నా మొహంలోకే చూస్తున్నాడు. అక్కా, నేను ఆ రోజు నుంచి ఆయన ఇంటి ముందు నుంచి నడవడం లేదు, చేల వెంట చుట్టు తిరిగి పోతున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే పెద్దల దగ్గరికి పోయి చెప్పేశాను. ఎవరికి ఇచ్చావన్నారు. చెప్పనన్నాను. పటేలు కోప్పడి, మిగిలిన నాలుగు జతలూ తన ఇంటికి తీయించుకుపోయాడు. నాన్న కాలం నుంచి ఉన్న అటక ఖాళీ అయింది.

దీనితో చిన్నాయన బయటపడతాడనుకున్నాను. అట్లా కాలేదు. "బొజ్జయ్య పంతులు మంచోడు, చిన్నాయన ఇంటి పెండ్లి ఆగుతదని తప్పు మీదేసుకుంటుండు" అని ఊరంతా అంటున్నారు. పేరు చెప్పకపోతే ఎవరు నమ్ముతారు? చిన్నాయన మన గుమ్మం దాకా వచ్చి, "నువ్ నన్ను బచాయించుడు ఏంది? నేను ఏం చేసిన?" అని కేకలేసి పోయాడు.

నువ్వు ఇక్కడికి రావద్దు. పిల్లలు జాగ్రత్త. బావను ఏమీ అనకు.

బొజ్జయ్య


కల్లూరు
17-5-2006, బుధవారం

తమ్ముడూ,

ఈసారి నీ అక్షరాలు నిటారుగా ఉన్నాయి. అందుకే నమ్మాను. నమ్మి, అన్నం వండుతూ ఆలోచించాను. ఒక్క పైసా తీసుకోకుండా, ఎక్కడికో కూడా తెలియకుండా, నాన్న కొమ్ములు నువ్వు ఎవరి చేతిలో పెడతావు? పటేలు అడిగినా పెట్టవు. కలెక్టరు అడిగినా పెట్టవు. మన ఇంట్లో ఒక్కరికే ఆ హక్కు ఉంది. ఇంటి అల్లుడు కల్లుకుండతో వచ్చి కొమ్ములు అడిగితే ఇచ్చి పంపాలి, ఏ పెళ్లికి, ఎన్నాళ్లకు అని అడగకూడదు. అడిగితే అల్లుడిని నమ్మనట్టే. నాన్న ఉన్నప్పుడు మేనత్తల మొగుళ్లు అట్లాగే పట్టుకుపోయి, అట్లాగే తెచ్చి పెట్టేవాళ్లు.

మన ఇంటికి అల్లుడు ఒక్కడే. అన్నం అడుగంటింది.

వాచ్‌మన్ సెల్యూట్, భోజనాల హాలు దారి, కిషన్‌లాల్ నవ్వు, టేబుల్ కింద చెప్పు, అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. అన్నిటినీ అనుమానించాను. రిసెప్షన్ పిల్లలను అనుమానించాను, చిన్నాయనను, నిన్ను అనుమానించాను. పక్కన కూర్చుని గులాబ్‌జామున్ తింటున్న మనిషిని మాత్రం సరైన చోట అనుమానించలేదు.

సాయంత్రం లారీ దిగి రాగానే నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. చదివి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "బొజ్జయ్య నా పేరు చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదన్నాను. అప్పుడు చెప్పాడు. ఆ రిసార్టులో గుడిసెలకు వెదురు మోసేది ఆయన లారీయే అట. గేటు దగ్గర ఆడించడానికి అసలైన కొమ్ములు కావాలని కిషన్‌లాల్ అడిగాడట. రెండు నెలల్లో ఇచ్చేస్తానన్నాడట, కొమ్ములు ఇస్తే కుటుంబానికి మూడు రోజుల పాసు. లక్కీ డ్రా లేదు, బంకు లేదు.

"పోరగాడు టీవీల చూసి రోజు అడుగుతుండె. నేను లారీ తోలి ఎన్నడు తీస్కపోవాలె గసొంటి జాగకు? రెండు నెలలే గద అనుకున్న. చిన్నాయన మీదికి పోతదని నాకేం ఎరుక?" అన్నాడు.

"మార్చిల ఎరుకైంది గద, నేను ఉత్తరం రాసినప్పుడు. అప్పుడెందుకు నోరు తెర్వలే?" అన్నాను.

"నువ్ గంత గట్టిగ రాస్తుంటే, గది నేనే అని ఎట్ల చెప్త?" అన్నాడు.

తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను.

మొన్న సోమవారం ఆయనకు అక్కడికే వెదురు లోడు ఉంది. నేను కూడా లారీలో ఎక్కాను. కిషన్‌లాల్ కాగితం తీసి చూపించాడు. రెండు నెలలని నోటి మాటే తప్ప, కాగితంలో ఎప్పుడు ఇస్తారన్నది లేదు. "సీజన్ అయినంక చూద్దాం, గెస్టులకు మస్తు నచ్చింది" అన్నాడు. మీ బావ పోయి లారీని గేటులో అడ్డంగా పెట్టి, ఇంజను ఆపి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "బ్రేకు పట్టేసింది సార్, మెకానిక్ కల్లూరు నుంచి రావాలె" అన్నాడు. బయట వేసవి క్యాంపు పిల్లల బస్సులు ఆరు ఆగాయి. హారన్ల మోతకు నెమలి ఈకలవాళ్లు కూడా ఆట ఆపి చూశారు. గంట తిరగకుండా రెండు జతలూ గోనెసంచిలో వచ్చాయి. లోపలి వైపు తెల్లరంగుతో స్టాకు నంబరు వేశారు. కిరసనాయిలుతో తుడిచాను, పూర్తిగా పోలేదు.

ఇక నీ సంగతి. బావ పేరు ఎందుకు దాచావు? నా కాపురం కోసమా? నా కాపురం నిలబడడానికి చిన్నాయన మూడు నెలలు దొంగగా ఉండాలా? పూలి పెళ్లి ఆగాలా? నేను ఆ సొమ్ముతో, అదీ చిన్నాయన పరువుతో, పిల్లలను జారుడుబండ ఎక్కించి వచ్చాను. నీ మీద కోపంగా ఉంది, బొజ్జయ్యా. నా మీద ఇంకా ఎక్కువ ఉంది.

మీ బావ ఈ ఆదివారం కొమ్ములు తీసుకుని వస్తాడు. ఒక్కడే వస్తాడు. చెప్పాల్సింది ఆయన నోటితోనే చెప్పనివ్వు, నువ్వు మధ్యలో దూరి సర్దకు.

అక్క


రేలగూడెం
22-5-2006, సోమవారం

అక్కకు,

బావ నిన్న వచ్చాడు. బస్సు దిగి, కొమ్ములను సంచిలో నుంచి తీసి, నెత్తిన పెట్టుకుని ఊరి నడి బాటన నడిచాడు. సంత నుంచి వచ్చే జనం అందరూ చూశారు. నేను సంచిలోనే తెమ్మన్నాను, వినలేదు. పటేలు ఇంటి ముందు దించి, పెద్దలందరూ వచ్చేదాకా నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. రిసార్టు, పాసు, పిల్లలు, అన్నీ చెప్పాడు. నేను కూడా నా తప్పు చెప్పాను. మా ఇద్దరికీ తప్పు వేశారు, ఊరికి ఒక పూట భోజనం. ఒప్పుకున్నాము.

మగపెళ్లివారికి కబురు వెళ్లింది. మేనమామ మొహం చూపించలేదు గానీ, పెళ్లికొడుకే సైకిలు మీద వచ్చి, నాలుగో తారీఖే పెళ్లి అని పూలితో చెప్పి పోయాడు. పూలి తునికాకుకు వస్తోంది.

చిన్నాయన సంగతే రాయడానికి చెయ్యి రావడం లేదు. పటేలు స్వయంగా డోలు తీసుకుని ఆయన ఇంటికి పోయాడు. వెనక నేను, బావ కూడా పోయాము. చిన్నాయన మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. లేవలేదు. బావ ఆయన కాళ్లకు దండం పెట్టాడు. "లే సీతయ్య అల్లుడా, నువ్ ఎవ్వల పేరు చెప్పలే. నీ మీద నాకేం లేదు" అని చిన్నాయన బావతో అన్నాడు. నా వైపు చూసి, "నువ్ పిరికోడివి. గది నాకు ముందుగాలే ఎరుక" అన్నాడు. ఆ మాట నాకు తగినదే.

పటేలు డోలు ముందు పెట్టాడు. చిన్నాయన ముట్టుకోలేదు.

"నేను నా నోటితోని చెప్తే ఒక్కడు నమ్మలే. ముత్తక్క కాగితం మీద రాస్తే అందరు నమ్మిండ్రు. గా పిల్లను ఎత్తుకొని తిప్పిన. గామె నన్ను ఒక్క మాట అడగలే. ఒక్క మాట. అడిగి రాస్తే ఏం పోయె?" అన్నాడు.

అంతే. మళ్లీ తాడు పేనుకున్నాడు. బిడ్డ పెళ్లికి కూడా డోలు కొట్టడట. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

బొజ్జయ్య


కల్లూరు
27-5-2006, శనివారం

తమ్ముడూ, ఈ ఉత్తరం నీకు కాదు. మార్చిలో రాసినది ఎక్కడ చదివావో అక్కడే, అదే మనుషుల ముందు చదువు. ఒక్క మాట కూడా వదలకు. చిన్నాయన రాకపోతే ఆయనకు వినపడేంత గట్టిగా చదువు.

చిన్నాయనా,

నేను ముత్తక్కను. నువ్వు దొంగవని రాసింది నేను. చూసి రాయలేదు. విని కూడా రాయలేదు. నువ్వు ఒక్కడివే ఊర్లో ఉన్నావని, చేతికి గడియారం ఉందని, కల్లూరులో కూర్చుని నేనే కల్పించుకుని రాశాను. చదువుకున్నదాన్నని, నా మాటకు విలువ ఉందని నాకు తెలుసు. తెలిసే గట్టిగా రాశాను.

ఆ గడియారం ఎక్కడిదని అడగడానికి ఒక కార్డు ముక్క చాలు. నాకు తోచలేదు. తోచలేదనడం కూడా అబద్ధమే. అడిగితే నువ్వు కాదంటావు, కాదంటే నా లెక్క తప్పుతుంది, అందుకని అడగలేదు. నాకు నిజం కన్నా నేను కనిపెట్టానన్న గొప్ప ఎక్కువైంది. నాకు మొగుడున్నాడు, తమ్ముడున్నాడు, ఎవరినైనా అడిగి ఉండవచ్చు. నీ వైపున నన్ను నిలదీయడానికి ఎవరూ లేరు, నీ తరఫున మాట్లాడేవాళ్లూ లేరు, అందుకని నీ పేరు తేలిగ్గా కలం మీదికి వచ్చింది. ఇది వినేవాళ్లందరూ వినండి. ఆ ఉత్తరంలో నిజం ఒక్క ముక్క కూడా లేదు.

పెళ్లిలో డోలు కొట్టమని అడగడానికి నేను ఇది రాయడం లేదు. కొట్టడం, కొట్టకపోవడం నీ ఇష్టం. నువ్వు కొట్టలేదని ఎవరైనా గొణిగితే నాతో మాట్లాడమను.

గురువారం పొద్దుటి బస్సుకు దిగుతాను. తమ్ముడి ఇంటికి పోను, నేరుగా నీ ఇంటికి వస్తాను. తలుపు తీస్తే లోపలికి వచ్చి, ఈ మాటలే నీ మొహం చూసి చెప్తాను. తీయకపోతే వాకిట్లో నిలబడి చెప్తాను, పక్క ఇళ్లవాళ్లు కూడా బయటికి వచ్చి వినేటట్టు. ఆ తర్వాత నువ్వు పొమ్మంటే, నోరెత్తకుండా మళ్లీ బస్సెక్కుతాను.

నీ బిడ్డ లాంటిది
ముత్తక్క